కాలేజీ ఇచ్చిన చిన్న గ్రాంటు మా అమ్మాయి కెరీర్‌కి పనికొస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. క్యాంపస్‌లో కరెంటు ఆదా చేసే ప్రాజెక్టుకని కాలేజీ చిన్న గ్రాంటు ఇచ్చింది. హాస్టల్ వరండాల్లో పాత ట్యూబులైట్లు తీయించి ఎల్‌ఈడీలు, సెన్సర్లు పెట్టిస్తోంది. సాయంత్రాలన్నీ దానికే పోతున్నాయి. కిందటి సెమిస్టర్‌లో మార్కులు 8 శాతం తగ్గాయి. ఈ గ్రాంటుతో ఉద్యోగం వస్తుందా? ఇది మానిపించి ఈఎస్‌జీ (పర్యావరణం, సమాజం, పాలన) సర్టిఫికెట్ కోర్సులో చేర్చమంటారా? లేక డిగ్రీ కాగానే సస్టైనబిలిటీలో మాస్టర్స్‌కి పంపమంటారా? మూడింటినీ పోల్చి చెప్పగలరు. – ఒక తండ్రి

జవాబు: పోలిక చెబుతాను గానీ, ముందు మీ ఉత్తరం సంగతి. మార్కులు ఎంత తగ్గాయో శాతంతో సహా రాశారు. ఎన్ని దీపాలు మార్చింది, కరెంటు ఎంత తగ్గింది అన్నది మాత్రం ఎక్కడా లేదు. అమ్మాయిని అడిగారా? అడగకుండానే మానిపించే దాకా వెళ్లారని నా అనుమానం. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. ఒకరి పిల్లవాడు ఎరువు గుంత పెట్టి ఉంటాడు, ఇంకొకరి పిల్ల వాన నీరు పట్టే తొట్టి కట్టిస్తూ ఉంటుంది. అందరూ గ్రాంటు గురించే అడుగుతారు, కానీ లోపల ఉన్న దిగులు వేరు: తోటివాళ్లంతా ఉద్యోగాల వేటలో ఉంటే మన పిల్ల వెనకబడిపోతోందేమోనని. వెనకబడటం లేదండీ. ఒక సెమిస్టర్‌లో మార్కులు కాస్త తగ్గితే కొంప మునగదు. సబ్జెక్టు తప్పితే అప్పుడు ప్రాజెక్టు పక్కన పెట్టమనండి. గీత గీయాల్సింది అక్కడ.

ఇక ఉద్యోగం. గ్రాంటు వచ్చిందన్న కాగితం చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. ఇంటర్వ్యూలో కూర్చున్నవాళ్లు ఆ లైను దాటి, ‘ఎంత తగ్గింది? తగ్గిందని నీకెలా తెలుసు?’ అంటారు. చాలా క్యాంపస్ ప్రాజెక్టులు చతికిలపడేది ఈ రెండో ప్రశ్న దగ్గరే.

పాతకాలపు చోకుతో నడిచే 36 వాట్ల ట్యూబులైటు, చోకు నష్టం కలుపుకుని 45 వాట్ల దాకా లాగుతుంది. దాని చోట 18 వాట్ల ఎల్‌ఈడీ పెడితే దీపానికి 27 వాట్లు మిగులుతాయి. రోజుకు 12 గంటలు వెలిగే 100 దీపాలకు ఏడాదికి సుమారు 11,800 యూనిట్లు. కాగితం మీద ముచ్చటగానే ఉంది. కానీ మార్చే నాటికే ఆ 100లో 30 మాడిపోయి ఉన్నాయనుకోండి. పాతవి 70 వెలిగేవి, కొత్తవి వందా వెలుగుతాయి. ఆదా సరిగ్గా సగానికి పడిపోతుంది. ఈ సంగతి వరండాలో తిరిగి లెక్కపెట్టిన పిల్లకి తెలుస్తుంది, క్యాటలాగు చూసి రిపోర్టు రాసిన పిల్లకి తెలియదు. మార్చకముందు కొన్ని వారాలు ఆ లైనుకి విడిగా మీటరు పెట్టిందా? సెలవుల నెల రీడింగుని పరీక్షల నెల రీడింగుతో పోల్చడం లేదు కదా? ఈ పనిని పరిశ్రమలో మెజర్‌మెంట్ అండ్ వెరిఫికేషన్ అంటారు. దానికోసం ఐపీఎంవీపీ అనే అంతర్జాతీయ పద్ధతి 1997 నుంచీ ఉంది. భవనాల్లో కరెంటు ఆదా చేసిపెట్టి, ఆ ఆదాలోంచే తమ సొమ్ము తీసుకునే కంపెనీలు ఇలాంటి లెక్కల మీదే బతుకుతాయి. ఆ లెక్క చేతనైన ఎలక్ట్రికల్ ఇంజినీరుకి పని దొరకదని భయపడకండి.

కొనుగోలు విభాగం కొటేషన్లు అడగడం, బిల్లు వెనక్కి రావడం, గడువు దాటడం, ఇవన్నీ ఆమెకి ఈపాటికి అనుభవమై ఉంటాయి. వీటికన్నా ముఖ్యమైనది మెయింటెనెన్స్ ఎలక్ట్రీషియన్ని కలుపుకుపోవడం. ఆయన్ని కాదని పెట్టిన సెన్సర్లు కొన్నాళ్లకి చెడిపోతాయి, ఆయన వైరు కలిపి దీపాలు డైరెక్టు చేసేస్తాడు. తప్పు ఆయనది కాదు, రాత్రి చీకట్లో ఫోన్లు వచ్చేది ఆయనకే.

అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో 2001 నుంచి నడిపిన గ్రీన్ లోన్ ఫండ్‌లో డబ్బు అప్పుగా ఇచ్చేవారు. బిల్లులో మిగిలిన సొమ్ముతోనే ఆ అప్పు తీర్చాలి, తీరిన సొమ్ము ఇంకో ప్రాజెక్టుకి పోతుంది. అక్కడ ఆదా లెక్క తప్పితే అప్పు తీరదు. మీ అమ్మాయికి వచ్చింది తిరిగి కట్టక్కర్లేని గ్రాంటు కాబట్టి ఫొటోలతో రిపోర్టు ఇస్తే కాలేజీ సరిపెట్టుకోవచ్చు. ఆమె మాత్రం సరిపెట్టుకోకూడదు.

ఈఎస్‌జీ దగ్గరికి వద్దాం. దీని మీద నాకు నమ్మకం తక్కువ, దాచడం దేనికి? కంపెనీ పర్యావరణానికి, సమాజానికి ఏం చేస్తోంది, పాలన ఎలా ఉంది అని లెక్క చెప్పే వ్యవహారం ఇది. కొత్తగా చేరినవాళ్ల రోజు ఎలా గడుస్తుందో కోర్సు ప్రకటనల్లో కనిపించదు: విభాగాల వెంటపడి కరెంటు బిల్లులు, డీజిల్ రసీదులు రాబట్టి, ఇది స్కోప్ 1 (కంపెనీ తానే కాల్చిన ఇంధనపు కాలుష్యం), అది స్కోప్ 2 (కొన్న కరెంటు వెనకున్న కాలుష్యం) అని స్ప్రెడ్‌షీట్‌లో నింపడం. పని చెడ్డదని కాదు. కానీ దానికి గిరాకీ నిబంధనలతో పుడుతుంది, నిబంధనలతోనే పోతుంది. కంపెనీలు ఇలాంటి నివేదికలు ఇచ్చి తీరాలన్న యూరోపియన్ యూనియన్ చట్టం సీఎస్‌ఆర్‌డీ 2023 జనవరిలో అమల్లోకి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో ఆ యూనియన్ కమిషనే దాని పరిధి నుంచి దాదాపు 80 శాతం కంపెనీలను తప్పిద్దామని ప్రతిపాదించింది. రెండేళ్లలో గాలి అంత మారింది. అకౌంట్సో, చట్టమో చదివినవాళ్లకి ఈ సర్టిఫికెట్ పైచేర్పుగా పనికొస్తుంది. వాళ్లకి వెనక్కి వెళ్లడానికి ఒక వృత్తి ఉంటుంది. చేతిలో ఉన్న ఎలక్ట్రికల్ పని మానిపించి దీంట్లోకి తోయడం మాత్రం, క్షమించాలి, తెలివైన పని కాదు. అమ్మాయి కోసమా, నలుగురికి చెప్పుకోవడానికి ఒక పేరు కోసమా అని మిమ్మల్ని మీరు ఒకసారి అడిగి చూడండి.

మాస్టర్స్ గురించి తొందర లేదు. సస్టైనబిలిటీ అని పేరున్న కోర్సుల్లో కొన్ని అన్నీ తలా కాస్త చెబుతాయి: కొంత విధానం, కొంత ఆర్థికం, కొంత పర్యావరణం. ఒక విషయం గట్టిగా వచ్చినవాళ్లకి అది మేలే, ఏదీ గట్టిగా రానివాళ్లకి కాదు. రెండేళ్లు ఎనర్జీ ఆడిట్‌లోనో, భవనాల నిర్వహణలోనో పనిచేశాక వెళితే ఏ కోర్సు ఎందుకో ఆమెకే తెలుస్తుంది. అప్పటికి పవర్ సిస్టమ్స్ వైపు మనసు పోయినా ఆశ్చర్యం లేదు.

మీరు అడిగిన పోలిక ఇంతే. పట్టిక వేసి మార్కులిస్తానని మీరు ఎదురుచూసి ఉంటారు. ప్రాజెక్టు సగంలో ఉన్నప్పుడు అలాంటి పట్టికతో మీకు ఒరిగేదేమీ లేదు. ఈ ఆదివారం మీటరు రీడింగులు చూపించమని ఆమెని అడగండి, పక్కన కూర్చుని చూడండి. రీడింగులు లేకపోతే కోప్పడకండి, ఇంకా మార్చని వరండా ఒకటి మిగిలే ఉంటుంది, అక్కడ మొదలుపెట్టమనండి. వారానికి రెండు సాయంత్రాలు ప్రాజెక్టుకి, మిగతావి చదువుకి అని ఆమే ఒప్పుకునేలా మాట్లాడుకోండి. చివర్లో ఎలక్ట్రీషియన్‌కి రెండు పేజీల కాగితం రాసిచ్చి అప్పగించమనండి: ఏ సెన్సరు ఎక్కడుంది, చెడిపోతే ఏది కొనాలి అని. మాస్టర్స్ సంగతి ఆఖరి సంవత్సరం మధ్యలో మళ్లీ రాయండి. ఆ ఉత్తరం మాత్రం అమ్మాయి చేత రాయించండి.