ఆషాఢంలో ఎంత వస్తుందో చూశాకే ఉద్యోగం వదలండి

ప్రశ్న: నా వయసు 31. తిరుపతిలో నలుగురం కలిసి నడుపుతున్న రాక్ బ్యాండులో ఆరేళ్ళుగా బేస్ గిటార్ వాయిస్తున్నాను. రేణిగుంట దగ్గర ఒక ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం, నెలకు 34,000 చేతికొస్తుంది. నా భార్య పాఠశాలలో టీచరు, జీతం 18,000. డిసెంబరులో మాకు తొలి కాన్పు. అమ్మ మాతోనే ఉంటుంది. ఇంటి ఖర్చు నెలకు 38,000. రెండు లక్షల చీటీ నెలకు పదివేల చొప్పున కడుతున్నాను, ఇంకా 11 వాయిదాలు ఉన్నాయి. ఎఫ్‌డీ 2,10,000 ఉంది. గత ఏడాది బ్యాండు నుంచి నా వాటాగా 3,96,000 వచ్చింది. బెంగళూరు మేనేజరు ఒకరు నెలకు నాలుగు ప్రదర్శనలు ఇప్పిస్తానని, అందుకు అందరం ఉద్యోగాలు మానాలని అంటున్నారు. కొత్త బేస్, ఆంప్లిఫయరు కోసం 1,85,000 రుణం తీసుకోవాలనుకుంటున్నాను. మా సొంత పాటల ఆల్బం కూడా సిద్ధమవుతోంది. ఉద్యోగం మానేయవచ్చా?

జవాబు: ఇప్పుడే వద్దు. వచ్చే ఏడాది జులై తరువాత, కింద చెప్పినవి సమకూరితే, నిరభ్యంతరంగా మానవచ్చు. మీ ఉత్తరంతో పాటు పంపిన 12 నెలల బ్యాంకు స్టేట్‌మెంటును వరుసవారీగా చదివిన తరువాతే ఈ మాట చెబుతున్నాను.

ముందుగా ఒక లెక్క సరిచేసుకుందాం. మీ ఇద్దరి జీతాలు ఏడాదికి 6,24,000. బ్యాండు ఆదాయంలో ప్రయాణాలు, తీగలు, రిహార్సల్ గది అద్దె, మరమ్మతులకు 84,000 పోగా మిగిలినది 3,12,000. మొత్తం 9,36,000 ఇంటికి వచ్చింది. చీటీలకు 1,20,000 వెళ్ళింది, ఎఫ్‌డీలో 90,000 చేరింది. తక్కిన 7,26,000 ఖర్చయిపోయింది. అంటే మీ ఇంటి ఖర్చు నెలకు 38,000 కాదు, సగటున 60,500. ఇందులో అమ్మగారి కంటి శస్త్రచికిత్స, మీ చెల్లెలి ఇంటి శుభకార్యం, మార్చిలో కొన్న ఎఫెక్ట్స్ పెడల్ కలిపి 1,40,000 ఏటా వచ్చే ఖర్చు కాదు. అవి తీసేసినా నెలకు దాదాపు 49,000 అవుతోంది. బ్యాండు డబ్బు జీతం ఖాతాలోనే పడుతున్నందువల్ల ఏది జీతమో ఏది ప్రదర్శన సొమ్మో తెలియకుండా కలిసిపోతోంది. ఇది మీ ఒక్కరి పొరపాటు కాదు. ముక్కలు ముక్కలుగా ఆదాయం వచ్చే కళాకారులందరి ఇళ్ళలోనూ నేను దీన్నే చూస్తున్నాను. ఇకమీదట మనం వేసే ప్రతి లెక్కకూ 49,000నే కొలతగా పెట్టుకుందాం.

రెండో విషయం మీ ఆదాయం వచ్చే తీరు. జనవరిలో 58,000, ఫిబ్రవరిలో 72,000, మార్చిలో 54,000 వచ్చాయి. కళాశాలల వార్షికోత్సవాలన్నీ ఆ మూడు నెలల్లోనే జరుగుతాయి కనుక ఏడాది మొత్తంలో దాదాపు సగం అక్కడే వచ్చేసింది. పరీక్షలు మొదలైన ఏప్రిల్‌లో 18,000కు పడిపోయింది. మే నెలలో పెళ్ళి రిసెప్షన్లు ఆదుకోవడంతో 31,000కు చేరింది, జూన్‌లో 22,000. ఆషాఢం నడిచిన జులైలో వచ్చింది కేవలం 4,000. మహాలయ పక్షం పడిన సెప్టెంబరులో 12,000. ఏప్రిల్ ఒకటీ, జూన్ నుంచి అక్టోబరు వరకు అయిదూ, మొత్తం ఆరు నెలల సగటు 16,000. అందులో ఖర్చులు పోతే చేతిలో నిలిచేది 9,000. మేనేజరు మిమ్మల్ని ఫిబ్రవరి నెలలో చూశారు. మీరు ఇల్లు నడపవలసింది జులైలో కూడా.

మా మేనమామ చిత్తూరు దగ్గరి పల్లెలో నాదస్వరం వాయించేవారు. మాఘ ఫాల్గుణ మాసాల్లో ముహూర్తాలు ఒకదాని వెంట ఒకటి వచ్చేవి. ఆయన తెచ్చి ఇచ్చిన నోట్లను మా అత్తయ్య ఇనుప పెట్టెలో మూడు గుడ్డ మూటలుగా కట్టేవారు. ఆషాఢానికి ఒకటి, భాద్రపదానికి ఒకటి, పుష్యానికి ఒకటి. మూట ముడిలో పసుపు దారం ఉండేది. ఆ నెల రాకముందు ముడి విప్పితే ఊరుకునేవారు కాదు. మీరు చేయవలసిందీ సరిగ్గా అదే, కాకపోతే మూటల స్థానంలో బ్యాంకు ఖాతాలు. బ్యాండు సొమ్ము ఇకనుంచి ప్రత్యేక ఖాతాలో పడాలి. ఆ ఖాతాకు డెబిట్ కార్డు గాని, ఫోనులో చెల్లింపుల యాప్ గాని ఉండకూడదు. ప్రదర్శన ఖర్చులు పోగా మిగిలిన దాన్ని ప్రస్తుతానికి ఇంటి ఖర్చుకు ముట్టకండి, ఎందుకంటే జీతం ఉన్నంతకాలం మీకు దాని అవసరం పెద్దగా లేదు. 49,000 ఖర్చు, పదివేల చీటీ కలిపినా జీతాలకు తక్కువ పడేది నెలకు 7,000 మాత్రమే, ఆ మేరకు తీసుకుంటే చాలు.

ఇప్పుడే ఉద్యోగం మానితే ఏమవుతుందో చూద్దాం. భార్య జీతం పోను మీరు నెలకు 31,000 నికరంగా తేవాలి, ఏడాదికి 3,72,000. బ్యాండు ఇచ్చింది 3,12,000. చీటీ వాయిదాను లెక్కలోకి తీసుకోకుండానే 60,000 లోటు. కాన్పు తరువాత మీ భార్య ఆరు నెలలు జీతం లేకుండా ఇంట్లో ఉండవలసి వస్తే అది మరో 1,08,000 పెరుగుతుంది. పైగా కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా అదే రోజుతో ఆగిపోతుంది. విడిగా కొనే పాలసీల్లో ప్రసూతి ఖర్చుకు వేచివుండే కాలం సాధారణంగా నెలల్లో కాదు, ఏళ్ళలో ఉంటుంది. డిసెంబరు కాన్పు కంపెనీ బీమాలోనే జరగాలి. మీరు ఇప్పుడు ఆగాలని నేను గట్టిగా చెప్పడానికి ఇదొక్కటే చాలు.

ఆగితే కలిగే మేలు చూడండి. మీ దగ్గర 2,10,000 ఉంది. చీటీని మధ్యలో పాడకుండా చివరిదాకా కడితే, నిర్వాహకుడి కమిషను పోగా దాదాపు 1,86,000 సరిగ్గా వచ్చే జులైలో చేతికొస్తుంది. రానున్న జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలు ఈ ఏడాదిలాగే ఉంటే నికరంగా 1,63,000 మిగలాలి. మూడూ కలిపితే 5,59,000. తొమ్మిది నెలల ఇంటి ఖర్చు 4,41,000 విడిగా పెట్టినా ఇంకా లక్షకు పైగా ఉంటుంది, అది మీ కొత్త బేస్‌కు. అయితే చీటీ 1982 నాటి చిట్‌ఫండ్ చట్టం కింద నమోదైనదో కాదో ఈ వారమే చూసుకోండి. తెలిసినవారు నడిపే చీటీ అయితే ఇది ముగిశాక మరొకటి వేయకండి.

రుణం సంగతి. 1,85,000 మీద 18 శాతం వడ్డీకి రెండేళ్ళ వాయిదా నెలకు దాదాపు 9,236. వడ్డీ రూపంలోనే 36,660 పోతుంది. ఆంప్లిఫయరు అసలే వద్దు. మీరు వెళ్ళే కళాశాల వేదికల మీద, హోటళ్ళ హాళ్ళలో సౌండ్ వాళ్ళే ఆంప్ పెడతారు, లేదా బేస్‌ను డీఐ బాక్స్ అనే చిన్న పెట్టె ద్వారా నేరుగా మిక్సర్‌కు కలుపుతారు. మంచి డీఐ బాక్స్ ఒకటి సంచిలో పెట్టుకుంటే లక్ష రూపాయల బరువు వ్యానులో మోయనక్కరలేదు. బేస్ కొనండి, సీజను డబ్బుతో, రొక్కంగా, వీలైతే వాడినది. 1951లో లియో ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్ బేస్ నమూనా ఈనాటికీ వేదికల మీద మోగుతూనే ఉంది. ఈ వాద్యం ఫోనులాగా రెండేళ్ళకు పాతబడేది కాదు.

ఇక ఆల్బం. మీరు ఉత్తరంలో ఒక్క వాక్యంతో దాటేసిన ఈ విషయమే నా దృష్టిలో మీ జీవితంలో అతి ఖరీదైనది. పాటలన్నిటికీ స్వరకర్తగా గాయకుడి పేరు మాత్రమే వేయాలని అనుకున్నట్లు రాశారు. అదే ఉత్తరంలో, మూడు పాటలు మీ బేస్ వరుస మీదే పుట్టాయని కూడా రాశారు. మన కాపీరైట్ చట్టం ప్రకారం స్వరకర్తకు హక్కు జీవితకాలమూ, ఆ తరువాత 60 ఏళ్ళూ ఉంటుంది. వాయించినవారికి ప్రదర్శకుల హక్కు వేరుగా ఉంది, దాని గడువు 50 ఏళ్ళు. 2012 సవరణ తరువాత స్వరకర్త, గీత రచయిత తమ రాయల్టీ వాటాను పూర్తిగా వదులుకోవడానికి వీలులేదు. కాని ఆ రక్షణ కర్తగా పేరు వేసినవారికే. ఐపీఆర్‌ఎస్ సంస్థ రాయల్టీని పంచేది తన వద్ద నమోదైన రచయితలకు, స్వరకర్తలకు, ప్రచురణకర్తలకు. బేస్ వరుస ఎంత గొప్పదైనా, నమోదు పత్రంలో పేరు లేకపోతే ఆ పాట వేరే వేదిక మీద మోగిన ప్రతిసారీ మీకు వచ్చేది ఏమీ ఉండదు.

క్వీన్ బ్యాండు బేస్ గిటారిస్టు జాన్ డీకన్ ఎలక్ట్రానిక్స్ చదివిన మనిషి, బ్యాండు డబ్బు లెక్కల మీద కన్నేసి ఉంచేవారని పేరు. ఆయన స్వయంగా రాసిన ఒక పాట 1980లో అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. 1989లో వచ్చిన ఆల్బంలో ఆ బ్యాండు పాటలన్నిటికీ నలుగురినీ కలిపి కర్తలుగా పేర్కొన్నారు. 1997 తరువాత ఆయన వేదికకు దూరమయ్యారు. రాసినవాడిగా పాటల మీద ఉన్న హక్కు వేదిక దిగినంతమాత్రాన పోదు. మీ నలుగురూ ఆ రెండు పద్ధతుల్లో ఏదైనా ఎంచుకోవచ్చు: ఎవరు చేసిన పాటకు వారి పేరు, లేదా అన్నిటికీ నలుగురి పేర్లు. ఏదైనా రికార్డింగుకు ముందే రాసుకోవాలి. పాట పేరు, కర్తల పేర్లు, వాటాల శాతం, నాలుగు సంతకాలు. స్నేహం చెడుతుందని జంకకండి. పాట పేరు పొందిన తరువాత అడిగితేనే స్నేహం చెడుతుంది.

మేనేజరు ఒప్పందంలో నేను ముందుగా చూసేది కమిషను దేని మీద అన్నది. ప్రదర్శనకు 80,000 వచ్చి, వ్యాను, సౌండ్ మనిషికి 20,000 అయిందనుకోండి. మొత్తం మీద 20 శాతమైతే ఆయనకు 16,000, మీలో ఒక్కొక్కరికి 11,000. ఖర్చులు తీసిన తరువాత 20 శాతమైతే ఆయనకు 12,000, మీకు 12,000. ప్రదర్శనకు వెయ్యి తేడా, ఏడాదికి 48 ప్రదర్శనలకు 48,000. సగం సొమ్ము అడ్వాన్సుగా, రద్దయితే అది తిరిగివ్వనక్కర లేదన్న షరతు కూడా అడగండి. ఉద్యోగం మానమని ముందే అడగడం సబబు కాదు. వచ్చే ఏప్రిల్ నుంచి జులై దాకా శని, ఆదివారాల్లో నెలకు మూడు ప్రదర్శనలైనా ఇప్పించి చూపమనండి. నెలకు మూడు నిలకడగా వస్తే మీ 31,000తో పాటు బీమా ప్రీమియం కూడా తేలుతుంది. ఆషాఢంలోనూ ఇప్పించగలిగితే ఆయన మాట నమ్మండి.

ఇప్పటిదాకా సొమ్మంతా గాయకుడి ఖాతాకు, ఆయన పాన్ మీదే వస్తోంది. దానివల్ల 10 శాతం టీడీఎస్ (సొమ్ము ఇచ్చేవారే ముందుగా కోసే పన్ను) ఆయన పేరిట జమవుతోంది, మీ ఆదాయానికి రుజువు లేకుండా పోతోంది. రేపు ఇంటి రుణం అడిగితే బ్యాంకు చూసేది రిటర్నులు. కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా పన్ను పడదు కనుక భయపడకుండా జీతం, బ్యాండు ఆదాయం రెండూ చూపి రిటర్ను వేయండి. బ్యాండు పేరిట భాగస్వామ్య పత్రం, పాన్, కరెంటు ఖాతా తీసుకోండి. భాగస్వామ్య సంస్థ లాభంపై 30 శాతం పన్ను ఉంటుంది కాబట్టి, భాగస్వాముల పారితోషికం గురించిన నిబంధనను ఆడిటరు చేత రాయించకుండా సంతకం చేయవద్దు.

గన్స్ ఎన్ రోజెస్ బేస్ గిటారిస్టు డఫ్ మెకాగన్‌కు 1994లో క్లోమం చిట్లి ప్రాణం మీదికి వచ్చింది. అప్పటికి ఆయన వయసు 30, మీకన్నా ఒక ఏడాది చిన్న. బ్యాండు ఆర్థిక పత్రాలు చదవడం తనకు రాదని గ్రహించి, తరువాత సియాటిల్ విశ్వవిద్యాలయంలో వాణిజ్య విద్య చదివారు, 2011లో సంగీతకారుల కోసం ఆర్థిక సలహా సంస్థ పెట్టారు. మీ చేతివేళ్ళు, చెవులే మీ ఆస్తి. మణికట్టు దెబ్బతిని మూడు నెలలు వాయించలేకపోతే వారం వారం సొమ్ము ఇచ్చే నిబంధన ఉన్న వ్యక్తిగత ప్రమాద బీమాను, కోటి రూపాయల టర్మ్ బీమాను ఉద్యోగంలో ఉండగానే తీసుకోండి. జీతం రుజువు ఉన్నప్పుడు టర్మ్ పాలసీ సులువుగా దొరుకుతుంది. చెవికి బీమా లేదు. రిహార్సల్‌లో కూడా ఇయర్‌ప్లగ్గులు పెట్టుకోండి.

ఉద్యోగం మానిన రోజున పీఎఫ్ సొమ్ము తీయకండి. పింఛనుకు పదేళ్ళ సర్వీసు కావాలి, మీకు ఆరేళ్ళు నిండాయి. పింఛను భాగాన్ని డబ్బుగా తీసుకుంటే ఆ ఆరేళ్ళూ తుడిచిపెట్టుకుపోతాయి. దానికి బదులు స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుంటే, ఎప్పుడైనా తిరిగి ఉద్యోగంలో చేరినప్పుడు కలుస్తాయి. ఉద్యోగం లేని ఏళ్ళలో దాచుకోవడానికి పీపీఎఫ్ (ఎవరైనా తెరవగల ప్రభుత్వ భవిష్య నిధి ఖాతా) మీకు అనువైనది. ఏడాదికి కనీసం 500, గరిష్ఠం 1,50,000. నెలనెలా కట్టాలన్న నిబంధన లేదు కనుక మార్చిలోనే మొత్తం వేసినా సరే.

ఈ నెలలోనే చేయవలసినది ఒకటుంది. పుట్టిన బిడ్డ పేరును కంపెనీ బీమాలో చేర్చడానికి గడువు ఉంటుంది. ఎన్ని రోజుల్లో, ఏ కాగితాలతో చేర్చాలో హెచ్‌ఆర్ విభాగాన్ని ఇప్పుడే అడిగి, జవాబును మెయిల్‌లో తెప్పించుకోండి.