బాబు ఆపరేషన్‌కు నూటికి మూడు రూపాయల వడ్డీ అప్పు వద్దు

ప్రశ్న: మాది గుంటూరు. బట్టల దుకాణంలో పనిచేస్తున్నాను, జీతం 32,000. ఇంటి ఖర్చు 22,000, చీటీకి 5,000 పోతాయి. బ్యాంకులో 8,000 ఉంది. 14 నెలల మా బాబుకు కుడి వృషణం సంచిలోకి దిగలేదు. గజ్జలో చేతికి తగులుతోందని డాక్టరు గారు చెప్పారు. కోత పెట్టి చేస్తే 45,000, కీహోల్ (చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చేసేది) అయితే 1,10,000 అన్నారు. కీహోలే మంచిదని బంధువులు అంటున్నారు. నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు దొరుకుతోంది. ఇప్పుడు ఆరోగ్య బీమా తీసుకుంటే ఉపయోగపడుతుందా?

జవాబు: 1,10,000కు ఆ వడ్డీ నెలకు 3,300, ఏడాదికి 39,600. అంత కట్టినా అసలు ఒక్క రూపాయి తగ్గదు. ఖరీదైన వైద్యమే మేలైనదనుకుని ఇలాంటి అప్పులో దిగుతున్న తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు కాబట్టే మీ ఉత్తరానికి వివరంగా జవాబిస్తున్నాను.

వృషణం గజ్జలో చేతికి తగులుతున్నప్పుడు, అక్కడ చిన్న కోత పెట్టి దానిని సంచిలోకి దించి కుట్టి నిలపడమే చిరకాలంగా స్థిరపడిన పద్ధతి; సాధారణంగా పిల్లవాణ్ని అదే రోజు ఇంటికి పంపుతారు. కీహోల్ ముఖ్యంగా చేతికి తగలని వృషణాన్ని పొత్తికడుపులో వెతికి కిందికి తేవడానికి పనికొస్తుంది. అది మరీ పైన ఉంటే కొన్ని నెలల తేడాతో రెండు విడతలుగా చేయవలసి రావచ్చు, అంటే రెండు బిల్లులు. ఇవి ఒకే సరుకులో చౌక రకం, ఖరీదు రకం కావు. నిర్ణయం పిల్లల సర్జన్‌దే. అయితే మీ బాబుకు కీహోల్ అవసరమేమిటో సంతకం చేయకముందే అడగండి.

ఇప్పుడు తీసుకునే పాలసీ ఈ ఆపరేషన్‌కు అక్కరకు రాదు. ముందే ఉన్న జబ్బులకు గరిష్ఠంగా 3 ఏళ్ల వరకు నిరీక్షణ కాలం ఉండవచ్చు, పుట్టుకతో వచ్చిన లోపాలపై మినహాయింపులు కూడా ఉంటాయి. బీమా కోసం ఆగడం బాబుకు మంచిది కాదు: ఆరు నెలలు దాటాక వృషణం దానంతట అది దిగడం అరుదు, 18 నెలల లోపే ఆపరేషన్ చేయించాలని వైద్యులు చెబుతారు. ఆలస్యం భవిష్యత్తులో సంతాన సామర్థ్యాన్ని దెబ్బతీయవచ్చు. అయినా కుటుంబానికి పాలసీ తీసుకోండి, దరఖాస్తులో ఈ విషయం దాచకండి.

అసలు లోటు అత్యవసర నిధి. ఆరు నెలల ఇంటి ఖర్చు, అంటే 1,32,000, విడిగా ఉండి ఉంటే మీరు వడ్డీ వ్యాపారి గడప తొక్కవలసిన పని ఉండేది కాదు. చీటీ ముగిసిన నెల నుంచే ఆ 5,000ను వేరే ఖాతాలో వేయండి. పద్నాలుగు నెలల్లో మూడు నెలల ఖర్చుకు సరిపడా 66,000 దాటుతుంది. అందులోంచి పెళ్లికీ పండగకీ తీయకండి.

ఈ వారంలోనే గుంటూరు ప్రభుత్వ సమగ్ర ఆస్పత్రిలో పిల్లల సర్జన్‌కు చూపించి, రాష్ట్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ మీకు వర్తిస్తుందేమో, ఆస్పత్రిలో ఆ పథకం సహాయకుడైన వైద్యమిత్రను అడగండి. వర్తించకపోతే పీఎఫ్‌లో వైద్యానికిచ్చే అడ్వాన్సు, ఆ తర్వాత బ్యాంకులో బంగారంపై రుణం. బాబుకు 18 నెలలు నిండడానికి మీ చేతిలో ఉన్నది నాలుగు నెలలే.