పురుగుమందు కొట్టిన రోజు వచ్చేది జలుబేనా?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లా. నాలుగెకరాల్లో మిరప వేశాం. మా ఆయనకు 38 ఏళ్లు. వారం పది రోజులకోసారి ఆయనే మందు కొడతారు. రెండేళ్లుగా తరచూ జలుబు, దగ్గు, చేతుల మీద దురద దద్దుర్లు. ఇమ్యూనిటీ తగ్గిందని మెడికల్ షాపులో ఏదో పొడి ఇచ్చారు. పురుగుమందుల వల్ల నిజంగా రోగనిరోధక శక్తి తగ్గుతుందా? ఏ టెస్టు చేయించాలి?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, ముందు ఒక పని చేయండి. గోడ మీద క్యాలెండర్‌లో ఆయన మందు కొట్టిన రోజుకు సున్నా చుట్టండి. జలుబు మొదలైన రోజున గీత పెట్టండి. నెలన్నర తర్వాత ఆ రెండూ పక్కపక్కనే కనిపిస్తుంటే అది జలుబు కాకపోవచ్చు.

ప్రొఫెనోఫాస్, అసిఫేట్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందులు మన నరాల్లో ఉండే కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్‌ను పనిచేయనివ్వవు. దాంతో ముక్కు, కళ్లు కారతాయి, కఫం ఊరుతుంది, ఛాతీ పట్టేసినట్టుంటుంది, చెమటలు పోస్తాయి, చూపు మసకబారుతుంది. మందు కొట్టిన కొన్ని గంటల్లోనే ఇవి మొదలై, జ్వరం లేకుండా, ఇంట్లో ఎవరికీ అంటకుండా తగ్గిపోతుంటే అది చిన్నపాటి విషప్రభావం కావచ్చు.

రోగనిరోధక శక్తి మాటకొస్తే, మీ అనుమానంలో నిజం ఉంది. వైరస్ సోకిన కణాలను చంపే తెల్ల రక్తకణాలు గ్రాంజైమ్ అనే ఎంజైమ్‌తో పనిచేస్తాయి. కోలినెస్టరేజ్‌ను పట్టుకున్నట్టే ఈ మందులు దాన్ని కూడా పట్టుకుంటాయని ల్యాబ్ పరిశోధనల్లో తేలింది. అయితే ఈ శక్తి ట్యాంకులో నీళ్లలా తగ్గడం, పెరగడమే కాదు, దారి తప్పుతుంది కూడా. ఆయన చేతుల మీది దద్దుర్లు మందు ఒరుసుకుని చర్మం దెబ్బతిన్నందువల్ల కావచ్చు, లేదా ఇమ్యూనిటీ అతిగా స్పందించే అలర్జీ కావచ్చు. అమెరికాలో 1993 నుంచి రైతు కుటుంబాలను పరిశీలిస్తున్న అధ్యయనంలో కొన్ని పురుగుమందులకూ పిల్లికూతలకూ సంబంధం కనిపించింది. మలాథియాన్ క్యాన్సర్ కారకం అయ్యే అవకాశం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2015లో చెప్పింది. దానికి ఒక ఆధారం, ఇమ్యూనిటీ కణాలకే వచ్చే లింఫోమా అనే క్యాన్సర్. ఇవన్నీ మీవారికి వస్తాయని కాదు, టెన్షన్ పడకండి. కానీ తేలిగ్గా తీసుకునే విషయం మాత్రం కాదు.

ఆ పొడి ఆపేయండి. అది ఒంట్లోకి వెళ్లే మందును అడ్డుకోదు. పైగా రక్షణ ఉందన్న భ్రమ కలిగిస్తుంది.

ఇమ్యూనిటీ మొత్తం ఇంత అని చెప్పే టెస్టు ఒక్కటంటూ లేదు. రక్తపరీక్ష, షుగర్ చూపించండి. దగ్గు రెండు వారాలు దాటితే టీబీకి కఫం పరీక్ష, ఎక్స్‌రే తప్పనిసరి. కోలినెస్టరేజ్ పరీక్షను మందు కొట్టడం మొదలుపెట్టకముందు ఒకసారి, సీజన్ మధ్యలో ఒకసారి చేయించి పోల్చాలి. నార్మల్ పరిధి చాలా వెడల్పు కాబట్టి ఒక్కసారి చూస్తే తేడా తెలియదు. ఇతర రకాల మందుల్లో చాలావాటి ప్రభావం ఇందులో బయటపడదన్నది కూడా గుర్తుంచుకోండి.

అసలు మందు ఒంట్లోకి ఎలా వెళ్తోందో చూడండి. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే చాలనుకుంటారు. పొలంలో ఎక్కువగా లోపలికి పోయేది చర్మం గుండానే. నా దగ్గరికొచ్చే రైతులను అడుగుతుంటాను. ట్యాంకు మూత దగ్గర కారి వీపు తడుస్తుంది. తడి మొక్కల మధ్య నడిచేసరికి తొడల దాకా లుంగీ నానిపోతుంది. గజ్జల్లో చర్మం మందును ముంజేతి కంటే ఎన్నో రెట్లు పీల్చుకుంటుంది. నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదేవాళ్లూ ఉన్నారు. దయచేసి ఆ ఒక్క పని మాన్పించండి.

వీపుకు ప్లాస్టిక్ కవరు, నడుము నుంచి కింది దాకా తడి అంటని ఏప్రాన్, చేతులకు రబ్బరు గ్లౌజులు ఉండాలి. గుడ్డ గ్లౌజులు వద్దు, అవి మందును పీల్చి చర్మానికి అంటిపెడతాయి. రెండు మూడు మందులు ఒకే డ్రమ్ములో కలపకూడదు. ఇంటికి రాగానే సబ్బుతో స్నానం చేశాకే అన్నం. ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకకండి.

ఎప్పుడైనా వాంతులు, నోట నురుగు, కండరాలు అదరడం, మగత కనిపిస్తే వెంటనే బట్టలు తీసేసి సబ్బు నీళ్లతో కడిగి 108కు ఫోన్ చేయండి. వాంతి చేయించకండి. మందు డబ్బాను, దానితో వచ్చిన కాగితాన్ని వెంట తీసుకెళ్లండి, విరుగుడు మందు వివరాలు వాటి మీదే ఉంటాయి.