స్టీరింగ్ కుడివైపు ఉంటే చాలదు, బండి పుట్టిన తేదీ చూడాలి

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. కొబ్బరి తోట, రెండు రొయ్యల చెరువులు ఉన్నాయి. చిన్నప్పటి నుంచీ రెండు తలుపుల స్పోర్ట్స్ కారంటే నాకు పిచ్చి. మా బావమరిది జపాన్‌లోని యోకోహామాలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ కూడా స్టీరింగ్ మనలాగే కుడివైపు కాబట్టి సెకండ్‌హ్యాండ్ మాజ్డా రోడ్‌స్టర్ తెప్పించుకోవచ్చని ఒక ఏజెంటు చెప్పాడు. మూడేళ్లలోపు బండేనట, ఓడ ఖర్చుతో కలిపి 12 లక్షలట. కాకినాడ పోర్టులో దించి యానాంలో రిజిస్ట్రేషన్ చేయిస్తానన్నాడు. లక్షన్నర అడ్వాన్సు ఇచ్చాను. ఇంకో 6 లక్షలు పంపితే ఓడ ఎక్కిస్తానని రోజూ ఫోన్ చేస్తున్నాడు. బండి కాగితం ఫొటో జతచేశాను. అంతా జపాన్ భాష, సంవత్సరం ఉండాల్సిన చోట 1 అని ఉంది. ముందుకు వెళ్లొచ్చా?

జవాబు: వెళ్లొద్దు. ఆ 6 లక్షలు పంపకండి. బండిని ఓడ ఎక్కించవద్దని ఏజెంటుకూ మీ బావమరిదికీ ఇవాళే వాట్సాప్‌లో రాసి పెట్టండి. ఫోన్‌లో చెప్పి ఊరుకోకండి, రాతలో ఉండాలి. బండి జపాన్ నేల మీద ఉన్నంతవరకూ మీ నష్టం లక్షన్నర. మన దేశంలో దిగాక ఎంతవుతుందో ఎవరూ చెప్పలేరు.

మీరు పంపిన ఫొటోను పెద్దది చేసి చూశాను. ఆ 1 పక్కన ఉన్న రెండు అక్షరాలు 'రేవా' అనే శకం పేరు. జపాన్ ప్రభుత్వ కాగితాల్లో సంవత్సరాన్ని చక్రవర్తి పాలన లెక్కన రాస్తారు. రేవా శకం 2019 మే 1న మొదలైంది. కాబట్టి రేవా 1 అంటే 2019. అదైనా బండి మొదటిసారి రిజిస్టరైన ఏడాది మాత్రమే, ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చింది అప్పుడో అంతకు ముందో. ఏజెంటు చెప్పిన 'మూడేళ్లలోపు' మాట అతను పంపిన కాగితంలోనే తేలిపోయింది.

ఆ మూడేళ్ల సంగతి ఎందుకింత ముఖ్యమో చెబుతాను. విదేశాల్లో వాడిన కార్ల దిగుమతికి డీజీఎఫ్‌టీ, అంటే విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్, షరతులు పెట్టింది. అందులో మొదటిది, తయారైన తేదీ నుంచి బండి మూడేళ్లు దాటి ఉండకూడదు. రిజిస్ట్రేషన్ తేదీ నుంచి కాదు, అమ్మిన తేదీ నుంచి కాదు. షోరూంలో ఎనిమిది నెలలు ఊరికే నిలబడిన బండికి ఆ ఎనిమిది నెలలూ లెక్కలోకి వస్తాయి. మూడేళ్లు దాటితే ప్రత్యేక లైసెన్సు కావాలి. ఒకరి సొంత ముచ్చట కోసం అది వస్తుందని నమ్మి డబ్బు పెట్టమని నేను చెప్పలేను.

కుడివైపు స్టీరింగ్ కూడా షరతుల్లో ఒకటే, అంతవరకు ఏజెంటు అబద్ధం చెప్పలేదు. మన కోనసీమ నుంచి కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్లినవాళ్లు చాలామంది ఇదే ప్రశ్న వేస్తుంటారు. అక్కడి బండ్లకు స్టీరింగ్ ఎడమవైపు, కాబట్టి మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాయి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 120 ప్రకారం సిగ్నల్ పరికరం ఉంటే ఎడమ స్టీరింగ్ బండి నడపొచ్చు కదా అని కొందరు అడుగుతారు. ఆ సెక్షన్ రోడ్డు మీద నడపడం గురించి. దేశంలోకి తేవడానికి రూలు వేరు. సింగపూర్‌లో స్టీరింగ్ కుడివైపే, బండ్లూ చవగ్గా కనిపిస్తాయి. కానీ అక్కడ కారు ఉంచుకునే పర్మిట్ పదేళ్లకే ఇస్తారు, అది ముగిసే ముందు అమ్మేసే బండ్లే ఎక్కువ చవక. మన మూడేళ్ల రూలుకు అవి పనికిరావు.

మిగతా షరతులు కూడా చూడండి. స్పీడోమీటరు కిలోమీటర్లలో ఉండాలి. జపాన్ బండికి ఇబ్బంది లేదు, బ్రిటన్ బండి మైళ్లలో చూపిస్తుంది కాబట్టి మార్పించాలి. హెడ్‌లైట్ల వెలుగు ఎడమవైపు నడిచే ట్రాఫిక్‌కు తగ్గట్టు పడాలి. ఓడ ఎక్కే ముందు అక్కడి తనిఖీ సంస్థ సర్టిఫికెట్ కావాలి. ఇక్కడ దిగాక, కస్టమ్స్ వదిలే ముందు, పుణెలోని ఏఆర్ఏఐ లాంటి గుర్తింపు పొందిన సంస్థలో పరీక్ష పాసవ్వాలి. మన కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, పొగ ప్రమాణాలు అన్నిటికీ సరిపోవాలి. వీటన్నిటికంటే మీకు గట్టిగా తగిలేది ఇంకొకటి: దిగుమతి అయిన రోజు నుంచి 5 ఏళ్లు బండి రోడ్డు మీద తిరిగే స్థితిలో ఉంటుందని, ఆ 5 ఏళ్లూ దేశంలోనే సర్వీసు సదుపాయం ఉంటుందని దిగుమతి చేసుకునేవారు హామీ పత్రం ఇవ్వాలి. మాజ్డా కంపెనీకి మన దేశంలో షోరూమే లేదు. సంతకం పెట్టాల్సింది మీరు, ఏజెంటు కాదు. తప్పు హామీ ఇస్తే జవాబు చెప్పాల్సిందీ మీరే.

కాకినాడ మాట పూర్తిగా అబద్ధం. వాడిన కార్లను ముంబై కస్టమ్స్ పోర్టులో తప్ప ఎక్కడా దించడానికి వీల్లేదు. మన రేవు మనకు పదడుగుల దూరంలో ఉన్నా సరే.

ఇక డబ్బు లెక్క. బండి అన్ని షరతులకూ సరిపోయిందనే అనుకుందాం. 2025 బడ్జెట్ తర్వాత వాడిన కారు మీద 70 శాతం కస్టమ్స్ సుంకం, 67.5 శాతం వ్యవసాయ మౌలిక సెస్సు, కలిపి 137.5 శాతం. 12 లక్షల మీద అది 16 లక్షల 50 వేలు. అసలు, సుంకం కలిసి 28 లక్షల 50 వేలు. దాని మీద 40 శాతం ఐజీఎస్టీ, అంటే దిగుమతి మీద పడే జీఎస్టీ. రోడ్‌స్టర్ పొడవు నాలుగు మీటర్ల లోపే ఉన్నా ఇంజను 1200 సీసీ దాటింది కాబట్టి తక్కువ రేటు వర్తించదు. ఇంకో 11 లక్షల 40 వేలు. మొత్తం 39 లక్షల 90 వేలు. ఇందులో పరీక్షల ఖర్చు, ముంబై నుంచి లారీ కిరాయి, లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ ఏవీ లేవు. పైగా మీ బిల్లులో ఉన్న 12 లక్షలను కస్టమ్స్ అధికారి ఒప్పుకోవాలనేం లేదు. ధర తక్కువ చూపించారని అనుమానం వస్తే వాల్యుయేషన్ నిబంధనల కింద తానే విలువ కట్టవచ్చు.

కొన్నేళ్ల కిందట పాలకొల్లు వైపు నుంచి ఒకాయన నా ఆఫీసుకు వచ్చారు. ఫోన్‌లో ఫొటో చూపించారు. ముంబై యార్డులో ఆయన కారు, ముందు అద్దం మీద చాక్‌పీసుతో రాసిన అంకెలు, బానెట్ నిండా కాకి రెట్టలు, ఒక టైరు నేలకు అంటుకుపోయి ఉంది. ఆ కారును ఆయన ఒక్కసారి కూడా నడపలేదు. నెల తిరిగేసరికి యార్డు అద్దె మాత్రం పెరిగేది. ఆయన నా దగ్గరకు రావాల్సింది బండి ఓడ ఎక్కకముందు. మీరు ఆ సమయంలోనే రాశారు, నాకు చాలా సంతోషం.

షరతులు తప్పిన బండి దిగితే ఏమవుతుంది? కస్టమ్స్ చట్టం 1962 సెక్షన్ 111(డి) కింద జప్తు, సెక్షన్ 112 కింద పెనాల్టీ. 'నిషేధించలేదు కదా, షరతులే కదా పెట్టారు' అనే వాదన నిలబడదు. 1970లో ఒక పందెపు గుర్రం దిగుమతి కేసులో సుప్రీంకోర్టు, ఆ సెక్షన్‌లో నిషేధం అంటే ఆంక్ష కూడా అని స్పష్టంగా చెప్పింది. సెక్షన్ 125 కింద జరిమానా కట్టి విడిపించుకునే అవకాశం ఉన్నా, ఇలాంటి సరుకు విషయంలో అది అధికారి విచక్షణే, మీ హక్కు కాదు. వెనక్కి పంపుకుంటామని అడగవచ్చు, దానికీ ఫైన్ పడవచ్చు.

యానాం సంగతి. మన మధ్యనే ఉన్నా అది పుదుచ్చేరి, నంబరు పీవై 04. అక్కడ పన్ను తక్కువని పెద్ద కార్లు రిజిస్ట్రేషన్ చేయించుకోవడం మన దగ్గర అందరికీ తెలిసిందే. కానీ మోటారు వాహనాల చట్టం సెక్షన్ 40 ప్రకారం మీరు నివసించే చోట, లేదా వ్యాపారం ఉండి బండిని మామూలుగా ఉంచే చోట రిజిస్ట్రేషన్ చేయించాలి. యానాంలో లేని ఇంటి అడ్రసు పెడితే దొంగ పత్రం కేసు అదనం. వేరే రాష్ట్రం నంబరుతో 12 నెలలు దాటి తిరిగితే సెక్షన్ 47 కింద ఇక్కడ కొత్త నంబరు తీసుకోవాలి. అసలు ఏ ఆర్టీవో అయినా దిగుమతి కారుకు ముందు అడిగేది బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే కస్టమ్స్ దిగుమతి పత్రం. రిజిస్ట్రేషన్ అయిపోయినా దిగుమతిలో ఉన్న తప్పు మాసిపోదు. 2025 సెప్టెంబరులో కేరళలో కస్టమ్స్ వారు ఆపరేషన్ నుంఖోర్ పేరుతో, భూటాన్ మీదుగా అక్రమంగా వచ్చాయన్న ఆరోపణతో స్వాధీనం చేసుకున్న కార్లకు మన దేశంలోని రాష్ట్రాల నంబర్లే ఉన్నాయి.

మీ బావమరిది పేరు మీద తేవచ్చా అని తర్వాత మీకు అనిపించవచ్చు. రెండేళ్లు ఆపకుండా విదేశంలో ఉండి శాశ్వతంగా తిరిగి వచ్చేవారు, కనీసం ఏడాదిగా తమ దగ్గరే ఉన్న కారును తెచ్చుకునే దారి ఒకటి ఉంది. సుంకం పూర్తిగా కట్టాల్సిందే. ఆయన నిజంగా ఉద్యోగం మానేసి వస్తుంటే, కారు నిజంగా ఆయనదే అయితే ఆలోచించవచ్చు. అప్పుడు కూడా ఏ షరతులు వర్తిస్తాయో బండి ఎక్కించకముందే డీజీఎఫ్‌టీ నుంచి రాతపూర్వకంగా తేల్చుకోవాలి. పేరు ఆయనది, డబ్బు మీది అయితే వద్దు. కస్టమ్స్ సమన్లు వచ్చాక సెక్షన్ 108 కింద ఆయన ఇచ్చే వాంగ్మూలం ఇద్దరికీ చుట్టుకుంటుంది. బావాబావమరుదుల మధ్య ఇలాంటి టెన్షన్ తెచ్చుకోకండి.

ఇప్పుడు మీ లక్షన్నర. ఏజెంటు సంవత్సరం తప్పు చెప్పి మిమ్మల్ని ఒప్పించాడు కాబట్టి, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 19 కింద ఆ ఒప్పందాన్ని మీరు రద్దు చేసుకోవచ్చు. డబ్బు వెనక్కి ఇవ్వమని 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు ఇప్పించండి. ఇవ్వకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయండి. ఏజెంటు ఏ ఊరివాడైనా మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు, 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. కావాలనే తప్పు సంవత్సరం చెప్పాడని తేలితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద మోసం కేసు కూడా పెట్టవచ్చు. అయితే ముందు నోటీసు ఇవ్వండి, చాలాసార్లు డబ్బు అక్కడే వచ్చేస్తుంది.

స్పోర్ట్స్ కారు ముచ్చట తీరాలంటే ఇక్కడే సక్రమంగా దిగుమతి అయి, రిజిస్టరైన బండి చూడండి. బిల్ ఆఫ్ ఎంట్రీలోని ఛాసిస్ నంబరును బండి మీద కొట్టిన నంబరుతో మీ కళ్లతో మీరు పోల్చుకోండి. 2002లో దిగిన ఒక పోర్షే కారును తర్వాత కొన్నాయన మీద కస్టమ్స్ వారు సుంకం వేశారు. ఆయన దిగుమతిదారు కాదని సుప్రీంకోర్టు 2024లో తేల్చింది. గెలిచారు, కానీ అన్నేళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు.

నా దగ్గరకు వచ్చేటప్పుడు డబ్బు పంపిన బ్యాంకు స్టేట్‌మెంట్, ఏజెంటు పంపిన కాగితం ఫొటో, అతనితో జరిగిన మొత్తం చాట్ తీసుకురండి. ఫోన్ కూడా తేవాలి, అందులో ఒక్క మెసేజ్ కూడా చెరపకండి. కోర్టులో ఆ చాట్ పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి, అది ఆ ఫోన్‌తోనే ముడిపడి ఉంటుంది.