చిన్న కాంట్రాక్టర్లకు హరిత నిర్మాణం నేర్పే పనిలో కెరీర్ ఉంటుందా?

ప్రశ్న: సివిల్ ఇంజినీరింగ్ చివరి సంవత్సరంలో ఉన్నాను. చిన్న నిర్మాణ సంస్థలు పర్యావరణానికి మేలైన పద్ధతులకు మారేలా సలహాదారుగా పనిచేయాలనుంది. ముందు గ్రీన్ బిల్డింగ్ సర్టిఫికెట్ తెచ్చుకోనా?

జవాబు: సర్టిఫికెట్ తర్వాత. ముందు ఒకటి రెండేళ్లు సైటులో క్వాంటిటీ లెక్కలు (ఏ సరుకు ఎంత కావాలో, ఎంత వాడారో) చూసే పని పట్టుకోండి. పదిమందితో నడిచే సంస్థలో సరుకు కొనేదీ, కూలీలను పురమాయించేదీ, బిల్లుల కోసం తిరిగేదీ యజమానే. కర్బన ఉద్గారాల గురించి వినే తీరిక ఆయనకుండదు. వృథా చూపించండి, వింటాడు.

12 మీటర్ల రాడ్డులో 4.5 మీటర్ల ముక్కలు రెండే వస్తాయి, 3 మీటర్లు మిగిలిపోతుంది. అంటే పావు వంతు. అలాంటివి 100 ముక్కలకు 50 రాడ్లు కావాలి. 12 మి.మీ. మందం రాడ్డు మీటరుకు 0.888 కిలోలు కాబట్టి తుక్కులోకి పోయేది సుమారు 133 కిలోలు. 3 మీటర్ల ముక్కలు ఇంకెక్కడ పడతాయో బార్ బెండింగ్ షెడ్యూలులో (ఏ రాడ్డు ఎంత పొడవు కోయాలో, ఎలా వంచాలో రాసే పట్టిక) ముందే చూసుకుంటే చాలావరకు మిగులుతుంది. దీనికి స్ప్రెడ్‌షీట్ చాలు.

ఆ నమ్మకం కుదిరాకే సామగ్రి మార్పు ఎత్తండి. సిమెంటులో అసలు చిక్కు, సున్నపురాయి వగైరా కాల్చి చేసే ముడిసరుకు అయిన క్లింకర్‌ది: సున్నపురాయి కాలేటప్పుడు రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, ఇంధనం మార్చినా అది ఆగదు. అందుకే క్లింకర్ కొంత తగ్గించి ఫ్లై యాష్ (బొగ్గు కాల్చగా వచ్చే బూడిద), స్లాగ్ (ఇనుము తయారీలో మిగిలే చిట్టెం) కలిపిన సిమెంటు. అయితే అది తొలిరోజుల్లో మెల్లగా గట్టిపడుతుంది, చలిలో మరీను. మేస్త్రీ పాత అలవాటుకొద్దీ సెంట్రింగ్ (స్లాబు కింద నిలిపే తాత్కాలిక ఆధారం) విప్పేస్తే స్లాబు వంగుతుంది, నింద కొత్త సిమెంటు మీద పడుతుంది. కాబట్టి 7, 28 రోజుల క్యూబ్ పరీక్షలు (కాంక్రీటు దిమ్మెలను నొక్కి బలం చూసేవి) చేయించండి, కనీసం 10 రోజులు క్యూరింగ్ (నీళ్లతో తడిపి ఉంచడం) ఆపనివ్వకండి. ఏఏసీ బ్లాకులదీ (గాలి బుడగలతో చేసే తేలికపాటి కాంక్రీటు ఇటుకలు) ఇదే కథ. మామూలు మందపాటి మాలు పెడితే బ్లాకు అందులోని నీటిని పీల్చేసుకుంటుంది, అతుకు బలహీనపడుతుంది. 3 మి.మీ. పలుచటి జిగురు మాలు వాడాలి, గోడ పిల్లర్‌ను కలిసేచోట జాలీ వేశాకే ప్లాస్టరింగ్.

సర్టిఫికెట్లలో, హరిత భవనాలకు రేటింగ్ ఇచ్చే లీడ్ వ్యవస్థలో వ్యక్తులు రాసే తొలి మెట్టు లీడ్ గ్రీన్ అసోసియేట్ పరీక్ష 100 ప్రశ్నలు, 2 గంటలు. భవనాలకే హరిత ధ్రువీకరణ ఇచ్చే ఎడ్జ్ పద్ధతిలో శక్తి, నీరు, సామగ్రి మూడింటిలోనూ కనీసం 20 శాతం ఆదా చూపాలి. చిన్న సంస్థలకు నా ఓటు ఎడ్జ్‌కే.

ఒక్క చిన్న సంస్థ మీకు పూర్తి జీతం ఇవ్వలేదు. నాలుగైదు సంస్థలకు కలిపి చేయడమో, సామగ్రి తయారీదారుల సాంకేతిక విభాగంలో చేరడమో నయం. ఈలోగా కడుతున్న భవనం ఒకటి చూసుకుని, నెల రోజులు బయటికి పోయే వ్యర్థాలను రకాలవారీగా తూచి రాయండి. ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు ఆ కాగితం తీసుకెళ్లండి.