38 శాతం వచ్చిందా? ముందు రిపోర్టు తెరిచి చూడండి

ప్రశ్న: మా అమ్మాయి నల్గొండలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చివరి సెమిస్టర్ చదువుతోంది. మర్రిగూడ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్‌పై ప్రాజెక్టు రాసింది. కాపీని పసిగట్టే సాఫ్ట్‌వేర్‌లో 38 శాతం పోలిక వచ్చిందని గైడ్ తిప్పి పంపారు. కాపీ కొట్టలేదని పిల్ల ఏడుస్తోంది. డబ్బులిస్తే పది లోపుకు తెస్తానని ఇంటర్నెట్ సెంటర్ అతను అంటున్నాడు. ఇవ్వమంటారా?
– ఒక తండ్రి, దేవరకొండ

జవాబు: ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. అతను చేసేది మాటలు మార్చడమే. భూగర్భజలాన్ని 'నేలకింది ద్రవం' అని రాసిపెడతాడు. శాతం తగ్గుతుంది, వైవా (మౌఖిక పరీక్ష) రోజు మీ అమ్మాయి తల దించుకోవాల్సి వస్తుంది.

ఆ సాఫ్ట్‌వేర్‌కు దొంగతనం అంటే ఏమిటో తెలియదు. తన దగ్గరున్న రాతలతో కలిసిన పదాలెన్నో లెక్కగడుతుంది, అంతే. నల్గొండ ఫ్లోరైడ్ మీద దశాబ్దాలుగా రాస్తూనే ఉన్నారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి, పటిక, సున్నం వేసి నీటిని శుద్ధిచేసే 'నల్గొండ పద్ధతి' వివరణ ఎవరు రాసినా దాదాపు అవే మాటల్లో ఉంటాయి. కాబట్టి మొత్తం అంకెను పక్కనపెట్టి, పూర్తి రిపోర్టు అడిగి తీసుకోండి. ఏ వాక్యం ఎక్కడ కలిసిందో అందులో రంగులతో కనిపిస్తుంది.

రిఫరెన్సుల జాబితాను, కొటేషన్లను లెక్కలోంచి తీశారా? 2018 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనలు వీటిని, ప్రామాణిక సమీకరణాలను, వరసగా 14 పదాల వరకు కాకతాళీయంగా కలిసే మామూలు మాటలను మినహాయించమంటాయి. ఇవి తీసేస్తేనే అంకె బాగా తగ్గిన ప్రాజెక్టులు ఉంటాయి. పాత డ్రాఫ్టును ఇంతకుముందే ఎవరైనా అప్‌లోడ్ చేశారా? అది డేటాబేస్‌లో నిలిచిపోయి ఉంటే, అమ్మాయి రాత అమ్మాయి రాతతోనే కలుస్తుంది.

ఇక కొంచెం కఠినంగా అడుగుతాను. పోలికలో పెద్ద వాటా ఒకే సీనియర్ ప్రాజెక్టు నుంచి వచ్చిందా? ఫలితాలు, చర్చ అధ్యాయాల్లో రంగు పడిందా? నీటి నమూనాలు తనే తెచ్చి పరీక్షించినప్పుడు ఆ పేజీల్లో ఇతరుల వాక్యాలు ఉండకూడదు. ఉంటే సాఫ్ట్‌వేర్‌ను తిట్టి లాభం లేదు. పాత పేపర్ల సమీక్షలో అతికించిన పేరాలుంటే, ఆ పేపరు చదివి, మూసి, అర్థమైనది సొంతంగా రాయాలి. అలా రాసినా మూలం పేరు ఇవ్వాల్సిందే. తెలుగు పుస్తకంలోని పేజీని ఆంగ్లంలోకి మార్చి పెడితే సాఫ్ట్‌వేర్‌కు చిక్కకపోవచ్చు. 4 శాతం వచ్చినా అది కాపీయే.

భయపడాల్సినంత స్థితి కాదిది. ఆ నిబంధనల ప్రకారం 10 శాతం వరకు శిక్ష లేదు. 10 దాటి 40 వరకు ఉంటే గడువు లోపల సవరించి ఇవ్వాలి, ఆ గడువు ఆరు నెలలకు మించకూడదు. 40 దాటితే ఏడాది పాటు సవరించిన ప్రతి కూడా తీసుకోరు, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. మీ అమ్మాయి 40కి బాగా దగ్గరగా ఉంది, నిర్లక్ష్యం చేయకండి.

గైడ్‌ను కలిసి సవరణ గడువు తేదీ రాయించుకోమనండి. మళ్లీ పరీక్షించేటప్పుడు పాత ప్రతిని పోలిక నుంచి తప్పించమని అప్పుడే అడగమనండి.