జాబ్ పేరు మారకూడదు, బిల్డ్ పేరు మారాలి

తమ్ముడూ,

రివ్యూకి వచ్చే ప్రతి కోడ్ మార్పుకీ బిల్డ్ (కోడ్‌ని కట్టి టెస్టులు నడిపే ఒక్కో విడత) నడిపే పని నీకు అప్పగించారు కాబట్టి, పేర్ల సంగతి ముందే తేల్చుకో.

జాబ్ అంటే బిల్డ్‌లో ఏం చెయ్యాలో ఒకసారి రాసిపెట్టేది. దాని పేరులో మారనివే ఉండాలి: ఏ ప్రాజెక్టు, ఏం పని, ఏ ప్లాట్‌ఫాం. ‘బిల్లింగ్-యూనిట్‌టెస్ట్-లినక్స్’ చాలు. మార్పు నంబరు అందులో దూర్చి మార్పుకో జాబ్ పుట్టిస్తే చరిత్ర ముక్కలైపోతుంది. ఫలానా టెస్టు ఎప్పటినుంచి తప్పుతోందో ఇక తెలియదు.

మారేవన్నీ బిల్డ్ పేరులో పెట్టు. బిల్డ్‌లు నడిపే సర్వర్ జెన్‌కిన్స్ దానంతటది ఇచ్చే వరుస సంఖ్య రివ్యూ చేసేవాళ్లకు దేనికీ పనికిరాదు. గెరిట్ (కోడ్ రివ్యూ సాధనం)లో మార్పు రాగానే బిల్డ్ మొదలుపెట్టే గెరిట్ ట్రిగ్గర్ ప్లగిన్ మార్పు నంబరునీ, ప్యాచ్‌సెట్ (అదే మార్పుని సవరించి పంపిన ఒక్కో విడత) నంబరునీ వేరియబుల్స్‌గా అందిస్తుంది. వాటితో ‘12345,3’ (మార్పు 12345, మూడో ప్యాచ్‌సెట్) అని డిస్‌ప్లే నేమ్, అంటే తెరమీద కనిపించే బిల్డ్ పేరు పెట్టు, అదీ కోడ్ చెకౌట్‌కి (కోడ్ తెచ్చుకోడానికి) ముందే. తర్వాత పెడితే చెకౌట్ దగ్గరే పడిపోయిన బిల్డ్‌కి పేరుండదు. అందరూ వెతికేది దాన్నే. ప్యాచ్‌సెట్ వదిలేశావో, మూడోదాని ఫలితం చూసి నాలుగోదానికి ఓటేస్తారు. చేత్తో నడిపిన బిల్డ్‌లో ఈ వేరియబుల్స్ ఉండవు, దానికి ‘మాన్యువల్’ అని వేరే పేరు రాసిపెట్టు.

జాబ్ పేరులో ఖాళీలు వద్దు, పొడవూ వద్దు. బిల్డ్ నడిచే ఫోల్డర్‌కి, అంటే వర్క్‌స్పేస్ డైరెక్టరీకి మామూలుగా ఆ పేరే వస్తుంది. ఖాళీ ఉంటే కొటేషన్లు లేని షెల్ స్క్రిప్టు పగులుతుంది. పొడవైతే విండోస్‌లో 260 అక్షరాల పాత్ హద్దు తగులుతుంది. 5.1కి ముందు లినక్స్ కెర్నల్‌లో, ఇంటర్‌ప్రెటర్ (స్క్రిప్టుని నడిపే ప్రోగ్రాం) పాత్ రాసే స్క్రిప్టు మొదటి లైను 127 అక్షరాలు దాటితే తెగుతుంది. వర్క్‌స్పేస్‌లో పెట్టిన పిప్ (పైథాన్ ప్యాకేజీలు తెచ్చే స్క్రిప్టు) అప్పుడు ‘ఫైలు లేదు’ అంటుంది, ఫైలేమో కళ్లెదుటే ఉంటుంది!

గిట్‌హబ్ సొంత బిల్డ్ వ్యవస్థ అయిన గిట్‌హబ్ యాక్షన్స్‌లో చిక్కు వేరు. తప్పనిసరి చెక్‌ని (పాసైతేనే మార్పుని కలపనిచ్చే పరీక్షని) అది పేరుతోనే గుర్తుపడుతుంది. జాబ్ పేరు మార్చి, ఆ చెక్ పేరు రాసి ఉన్న బ్రాంచి రూల్ మార్చకపోతే, ఎన్నటికీ రాని పాత పేరు కోసం పుల్ రిక్వెస్టులన్నీ (మార్పు కలపమనే అభ్యర్థనలు) ఎదురుచూస్తూ ఆగిపోతాయి. ఒకే జాబ్‌ని పలు వెర్షన్ల మీద నడిపే మ్యాట్రిక్స్ వాడితే వెర్షన్ కూడా చెక్ పేరులో చేరుతుంది, అంటే పైథాన్ వెర్షన్ పెంచినా అదే గొడవ. (3.10ని కొటేషన్లలో రాయి, లేకపోతే సెట్టింగులు రాసే యామెల్ ఫార్మాట్ దాన్ని 3.1 చేస్తుంది.)

అందుకే మిగతా జాబ్‌లన్నిటి మీద ఆధారపడే ఒక్క జాబ్‌ని ‘అన్నీ-సరే’ అని పెట్టి, దాన్నే తప్పనిసరి చెయ్యి. దానికి ‘మిగతావి ఏమైనా సరే నడువు’ (always()) అనే షరతు పెట్టి, ఒక్కో జాబ్ ఫలితాన్ని లోపల విడిగా పరీక్షించు. ఆ షరతు మరిస్తే, ఇది ఆధారపడే జాబ్ ఏదైనా ఫెయిలైనప్పుడు ఇది స్కిప్ అవుతుంది. స్కిప్ అయిన జాబ్‌ని గిట్‌హబ్ పాస్ కిందే లెక్కేస్తుంది.